హోస్టుకు కనిపించని కార్డు

కార్డు స్లాటులోకి సగం దిగి ఆగిపోయింది. సర్వరమ్మ ఒక మోకాలు నేలకానించి, రెండు బొటనవేళ్లూ రెండు అంచుల మీద పెట్టి సమానంగా నొక్కింది. గట్టిగా నొక్కితే విరుగుతుంది, మెల్లగా నొక్కితే దిగదు. తొమ్మిదేళ్ల అనుభవం అంటే ఈ రెండింటి మధ్య ఎంత నొక్కాలో వేళ్లకు తెలియడమే. టక్కుమని దిగింది. స్క్రూ బిగించి, పెట్టె మూత వేసి, నడుం పట్టుకుని లేచింది.

ఆసుపత్రి మొత్తానికీ ఆమె సర్వరమ్మ. ఎప్పుడో ఒక నర్సు వేళాకోళానికి అన్న మాట అలాగే అతుక్కుపోయింది. హాజరు పట్టీలో తప్ప ఆమె అసలు పేరు ఎక్కడా వినపడదు. ఆమెకూ అలవాటై, ఫోనెత్తి "సర్వరమ్మని మాట్లాడుతున్నా" అనేస్తుంది.

గది మెట్ల కింద ఉంది. కిటికీ లేదు. ఏసీ మాత్రం చలికాలం, ఎండాకాలం అని చూడకుండా ఒకే జోరున వీస్తుంది కాబట్టి ఆమె ఏడాది పొడుగునా స్వెట్టరు వేసుకునే పని చేస్తుంది. మనిషెత్తు ఇనుప చట్రంలో ఒక కంప్యూటరు, దాని కడుపులో తొమ్మిది కంప్యూటర్లు. నిజానికి ఆ తొమ్మిదీ లేవు. ఉన్న ఒక్కటే తన తెలివినీ జ్ఞాపకాన్నీ తొమ్మిది వాటాలు వేసి, ఒక్కోదాన్నీ నువ్వు సొంత కంప్యూటరువేనని నమ్మిస్తూ ఉంటుంది. ఒకటి రిజిస్ట్రేషను చూస్తుంది, ఒకటి మందుల గది, ఒకటి ల్యాబు, ఇంకొకటి స్కానింగు బొమ్మలు. వాటన్నిటినీ మోసే పెద్దదాన్ని హోస్టు అంటారు. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి లాంటిది. బయటినుంచి ఎవరికి ఏం వచ్చినా దాని చేతిమీదుగానే పోవాలి.

స్కానింగు బొమ్మలతో వచ్చింది తంటా. ఒక్కో తలకాయ స్కానుకు వందల బొమ్మలు. అన్నీ పెద్దకోడలి చేతిమీదుగా పోవాలంటే పదకొండు నిమిషాలు పట్టేది. పై అంతస్తులో స్కాను డాక్టరు రోజూ ఫోను చేసి విసుక్కునేవాడు. అందుకని కిందటి వారం సర్వరమ్మ ఒక నెట్‌వర్కు కార్డును హోస్టు చేతిలోంచి తీసి నేరుగా స్కానింగు కంప్యూటరుకే ఇచ్చేసింది. ఆ పనిని పాస్‌త్రూ అంటారు. అలా ఇచ్చాక ఆ కార్డు హోస్టుకు కనిపించను కూడా కనిపించదు. ఏ కార్డు ఇవ్వాలో హోస్టుకు తెలియడానికి మాత్రం ఒక్క వరుస రాసిపెట్టాలి. మూడో నంబరు దారిలో ఉన్న కార్డు, అని రాసిపెట్టింది. పదకొండు నిమిషాల పని ముప్పావు నిమిషానికి వచ్చింది. డాక్టరు మెట్లు దిగి వచ్చి మరీ మెచ్చుకున్నాడు. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టులోనే ఉన్న ఆమెను పర్మనెంటు చేసే ఫైలు ఈ నెల కదులుతుందని ఆఫీసరు కూడా చెప్పాడు.

ఈ సోమవారం ల్యాబు వంతు. వాళ్లకోసం ఇంకో కార్డు తెప్పించి, ఇప్పుడే దింపింది. పది నిమిషాలు అన్నీ ఆగుతాయని పొద్దున్నే అందరికీ ఫోన్లు చేసి చెప్పింది కూడా.

"ఆన్ చేస్తున్నా అన్నా," అంది పైకి చూసి.

"చెయ్యండమ్మా, నేను అడ్డం లేను," అంది పైకప్పు.

పైకప్పు పలకలు రెండు తీసి ఉన్నాయి. ఆ కన్నం కింద నిచ్చెన, నిచ్చెన మీద ఒక మనిషి మోకాళ్ల దాకా. మోకాళ్లకు పైనున్న భాగమంతా కప్పులోకి పోయింది. తీగలు లాగే ఆయన. కట్టడం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ గోడలో ఏ తీగ పోతుందో ఇరవై ఏళ్లుగా చేతులతో చదువుకున్న మనిషి. భుజం మీద ఎప్పుడూ నిచ్చెన ఉంటుంది కాబట్టి నిచ్చెనాయన అంటారు. నోట్లో నాలుక లేని మనిషని కూడా అంటారు.

ఆమె మీట నొక్కింది. పంకాలు ఒక్కసారిగా హోరెత్తి, నెమ్మదిగా సద్దుమణిగాయి. పది నిమిషాలు గడిచాయి. తన బల్ల మీది ల్యాప్‌టాపు నుంచి హోస్టును పలకరించింది. పలకలేదు. ఇంకో ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పలకరించింది. పెట్టె తిరుగుతూనే ఉంది, లోపల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, కానీ ఎవరు పిలిచినా ఉలుకూ పలుకూ లేదు.

ఫోను మోగడం మొదలైంది. రిజిస్ట్రేషను, మందుల గది, ల్యాబు, మళ్లీ రిజిస్ట్రేషను. అన్నిటికీ "చూస్తున్నా, రెండు నిమిషాలు" అని చెప్పి చెప్పి ఆమెకు తన గొంతంటేనే విసుగొచ్చింది. అరగంటకు తలుపు దగ్గర ఆఫీసరు, ఆయన వెనక స్కాను డాక్టరు, వాళ్ల వెనక తొంగిచూసే నాలుగు తలకాయలు. రోడ్డు మీద పడిపోయిన మనిషిని ఎవరో తెచ్చారట. తలకు స్కాను తీశారు. బొమ్మలు పైకి రావడం లేదు. సర్జను స్కానింగు గదికి పరుగెత్తి అక్కడి చిన్న తెర మీదే చూస్తున్నాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు ఆఫీసరు.

ఆమె పెట్టె వెనక్కి వెళ్లి వంగి చూసింది. హోస్టుకు ప్రాణాధారమైన తీగ దూర్చిన చోట ఆకుపచ్చ దీపం ఆరిపోయి ఉంది. తీగ పీకేస్తే ఎలా ఆరుతుందో అలా. చేత్తో నొక్కి చూసింది. తీగ గట్టిగానే ఉంది. ఇటువైపు బాగుంటే అటువైపు ఊడి ఉండాలి. ఆ తీగ వెళ్లేది కప్పులోకే. ఆమె తలెత్తి, అందరూ వింటుండగా అడిగింది.

"అన్నా, పైన ఏమైనా లాగారా?"

మోకాళ్లు ఒక మెట్టు దిగాయి. నడుం, భుజాలు, దుమ్ము పట్టిన ముఖం వరసగా కిందికి వచ్చాయి.

"లాగానమ్మా. కొత్త తీగ లాగుతున్నా కదా. పాతవాటికి తగిలిందేమో..." అని ఆగి, ఉన్నదున్నట్టు చెప్పడం అలవాటైన మనిషి కాబట్టి, "తగల్లేదనే అనుకుంటున్నా," అన్నాడు.

"అనుకోవడమేమిటయ్యా," అన్నాడు ఆఫీసరు. "దిగు ముందు. ఆ కన్నం జోలికి మళ్లీ పోకు."

నిచ్చెనాయన దిగి, నిచ్చెన మడిచి, తలుపు దగ్గరున్న వాళ్లందరినీ తప్పుకోమని అడగలేక, వాళ్లు తమంతట తాము తప్పుకునే దాకా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

*

అందరూ వెళ్లాక ఆమె తీగను వేరే కన్నంలో దూర్చి చూసింది. కొత్త తీగ వేసి చూసింది. దీపం వెలగలేదు. ఇక మిగిలింది హోస్టుతో ముఖాముఖి మాట్లాడటమే. దానికి పెట్టెకే తగిలించే తెర కావాలి. గదిలో ఉండాల్సిన తెరను కిందటి నెల రిజిస్ట్రేషను వాళ్లు అరువు తీసుకెళ్లారు. పైకి వెళ్లి, వరుసలో నిలబడ్డ రోగుల మధ్యనుంచి ఆ తెరను ఊడదీసి, రెండు చేతులా పొట్టకు ఆనించుకుని మెట్లు దిగింది. పెట్టె దగ్గర దాన్ని పెట్టడానికి చోటు లేదు. బోర్లించిన బకెట్టు మీద పెట్టి, కీబోర్డు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

హోస్టు నిక్షేపంగా ఉంది. తొమ్మిది కంప్యూటర్లూ నడుస్తున్నాయి. లేనిదల్లా బయటికి దారి. తన కార్డు ఏమైందని అడిగితే, అలాంటి కార్డే నా దగ్గర లేదంది. ఆ మాట చదివి ఆమె స్వెట్టరు లోపల చల్లబడిపోయింది. ఉన్న కార్డును హోస్టు ఎప్పుడు లేదంటుందో ఆమెకు తెలుసు.

దారుల పట్టిక తీయించి చూసింది. పొద్దున దింపిన కొత్త కార్డు ముందు వరుసలో దూరి కూర్చుంది. దాంతో వెనకవాటి నంబర్లన్నీ ఒక్కోటి జరిగిపోయాయి. నిన్నటి దాకా మూడో నంబరు దారిలో స్కానింగు కార్డు ఉండేది. ఇవాళ అక్కడ హోస్టు సొంత కార్డు ఉంది. ఆమె రాసిపెట్టిన వరుస మాత్రం మారలేదు. మూడో నంబరు కార్డు స్కానింగుకు ఇచ్చెయ్యమని రాసి ఉంది. హోస్టు అక్షరం పొల్లుపోకుండా ఆ పనే చేసి, తన కార్డు తానే ఇచ్చేసుకుని, కళ్లూ చెవులూ మూసుకుని కూర్చుంది.

నంబరును నమ్మకూడదని తెలియదా అంటే తెలుసు. ప్రతి కార్డు మీదా దాని సొంత గుర్తు అచ్చయి ఉంటుంది. ముందు ఆ గుర్తు సరిచూసి, కలిస్తేనే ఇమ్మని ఇంకో నాలుగు వరుసలు రాయాలి. కిందటి వారం అది రేపు రాద్దాం అనుకుంది. రేపు ల్యాబువాళ్ల ఫోను వచ్చింది, ఎల్లుండి ప్రింటరు పాడైంది, డాక్టరు మెచ్చుకున్నాక ఇక ఆ సంగతే మరిచిపోయింది.

వరుస కొట్టేసి, గుర్తు సరిచూసే నాలుగు వరుసలూ రాసి, మళ్లీ ఆన్ చేసింది. మధ్యాహ్నం రెండుకు దీపం ఆకుపచ్చగా వెలిగింది. పై అంతస్తుల్లో ఒక్కొక్కరే ఊపిరి పీల్చుకున్నట్టు ఫోన్లు ఆగిపోయాయి.

బయట వసారాలో నిచ్చెనాయన గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు.

"దొరికిందా అమ్మా?"

"దొరికింది."

"తీగేనా?"

ఆమె చేతిలో తెర ఉంది, అది బరువుగా ఉంది, పొద్దుటినుంచి కడుపులో టీ చుక్క తప్ప ఏమీ పడలేదు. ఇవన్నీ నిజమే.

"చూడాలి అన్నా," అంది.

ఆయన తలాడించాడు. సాయంత్రం లోపు కారణం రాసివ్వమని ఆఫీసరు కబురు పంపాడు. ఆమె రాసింది: "కొత్త కార్డు అమర్చినందున బస్ ఎన్యూమరేషన్ మారి, పాస్‌త్రూ అడ్రసు మేనేజ్‌మెంటు ఇంటర్‌ఫేసుకు మ్యాప్ అగుటచే హోస్టుకు నెట్‌వర్కు కనెక్టివిటీ పోయినది. సరిచేయబడినది." రెండు సార్లు చదువుకుంది. అందులో ఒక్క అబద్ధం లేదు. చదివినవాడికి ఒక్క ముక్క అర్థం కాదని కూడా ఆమెకు తెలుసు. సంతకం పెట్టి పంపించి, ఇంటికి పోయి స్వెట్టరు కూడా విప్పకుండా పడుకుంది.

*

మంగళవారం వసారాలో నిచ్చెన ఉంది, మనిషి లేడు. ఎక్కడో పై అంతస్తులో ఉన్నాడులే అనుకుంది. పదకొండింటికి టీ దగ్గర స్కానింగు టెక్నీషియను చెప్పింది. పొద్దున గేటు దగ్గరే ఆపేసి పాసు తీసుకున్నారట. కాంట్రాక్టరుకు కూడా ఫోను చేసి, ఇకమీద ఆ మనిషిని ఇక్కడికి పంపొద్దన్నారట.

"మీ రిపోర్టులోనే ఉందటగా, కనెక్టివిటీ పోయిందని, అంటే తీగ ఊడిందనేగా. ఆఫీసరు ఆ మాట కింద గీత గీసి పెట్టాడు," అంది టెక్నీషియను. "పాపం మంచాయనే. కానీ పని చేసేటప్పుడు కాస్త చూసుకోవద్దూ? మీరు అప్పటికప్పుడు కనిపెట్టి అడిగారు కాబట్టి సరిపోయింది, లేకపోతే రోజంతా అంతేనట."

సర్వరమ్మ టీ గ్లాసు కడిగింది. అప్పటికే కడిగి ఉన్న ఇంకో గ్లాసు కూడా కడిగింది. చెప్పడానికి ఆ నిమిషం చాలు. కానీ ఫైలు ఆఫీసరు బల్ల మీద ఉంది. తొమ్మిదేళ్లలో రెండు సార్లు ఆ ఫైలు ఆ బల్ల దాకా వచ్చి వెనక్కి పోయింది. ఒకసారి సంతకం తక్కువైంది, ఒకసారి ఆఫీసరే మారిపోయాడు. ఇంకో వారం ఆగితే చాలు. అప్పుడు చెప్పినా ఆయన్ని మళ్లీ తీసుకుంటారు, తీగలు లాగేవాళ్లు అంత తేలిగ్గా దొరకరు. ఇలా తనకు తాను సర్దిచెప్పుకుంటూ మెట్లు దిగింది. ఆ రోజంతా చేసిన పనే మళ్లీ మళ్లీ చేసింది. గుర్తు సరిచూసే వరుసలను మూడు సార్లు పరీక్షించింది. మూడు సార్లూ చక్కగా పనిచేశాయి. దానివల్ల ఆమెకు ఏ సంతోషమూ కలగలేదు.

బుధవారం సాయంత్రం గేటు దాటుతుంటే ఆయనే ఎదురయ్యాడు. నిచ్చెన లేకపోయేసరికి ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"అమ్మా, మీకోసమే నిలబడ్డా. మీ మాటంటే ఆఫీసరుగారికి గురి. ఒక్క మాట చెప్తారేమోనని." కాగితం విప్పాడు. "మా అమ్మాయి చేత రాయించా. పాత తీగల జోలికి పోకుండా జాగ్రత్తగా లాగుతానని, ఈసారికి క్షమించమని. బాగుందో లేదో చూడండి."

ఆమె కాగితం తీసుకుంది. గుండ్రటి దస్తూరి. కింద ఆయన సంతకం, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పెట్టింది.

"ఎంత ఆలోచించినా ఎక్కడ తగిలిందో గుర్తు రావడం లేదమ్మా," అన్నాడు ఆయన. "చెయ్యి ఎడమ పక్కకి పెట్టా, పాత కట్ట కుడి పక్కనుంది. మరి ఎలా తగిలింది? నిన్నంతా అదే ఆలోచన. ఇంట్లో కూడా చెప్పేశా, నా చెయ్యే పొరపాటు పడిందని. వయసు మీద పడుతోంది కదా."

"ఆఫీసరుతో మాట్లాడతా అన్నా," అంది ఆమె. ఆయన కళ్లలోకి చూడలేక కాగితం మీద ఉన్న గుండ్రటి అక్షరాల వైపే చూస్తూ అంది.

"మీకు శ్రమ," అన్నాడు ఆయన.

*

అత్తగారు పక్క మీద ఉతికిన బట్టలు పోసుకుని మడతలు పెడుతోంది. ముప్పై ఏళ్లు టెలిఫోను ఎక్స్చేంజిలో బోర్డు ముందు కూర్చుని, చెవులకు హెడ్‌సెట్టు పెట్టుకుని, ఊరందరినీ ఊరందరితో కలిపిన మనిషి. ఇప్పటికీ కూర్చుంటే నడుం వంచదు, ఎవరు మాట్లాడినా మధ్యలో అడ్డు రాదు. కొడుకు బస్సు డిపోలో సాయంత్రం డ్యూటీకి పోయాడు.

"మూడు రోజులుగా నీ ముఖం బాలేదు," అంది అత్తగారు. "ఒంట్లో బాగా లేదా?"

"ఆఫీసు గొడవ అత్తయ్యా. చెప్పినా మీకు అర్థం కాదు."

"చెప్పి చూడు. అర్థం కాకపోతే ఊరుకుంటా, నాకేం పోయింది?"

సర్వరమ్మ ఒక దుప్పటి అంచు పట్టుకుంది. రెండో అంచు అత్తగారు పట్టుకుంది. మడత పెడుతూ మొదలుపెట్టింది. ఒక పెద్ద కంప్యూటరు ఉందని, అందరి మాటా దాని మీదుగానే పోతుందని.

"అది మా బోర్డు," అంది అత్తగారు.

స్కానింగు వాళ్లకి ఆలస్యమవుతోందని ఒక లైను విడిగా వాళ్లకే ఇచ్చేశానని చెప్పింది.

"డైరెక్టు లైను. కలెక్టరుకి ఇచ్చేవాళ్లం. ఇక ఆపరేటరు చెయ్యి పడదు."

"అంతే. ఫలానా నంబరు కన్నంలో ఉన్న లైను ఇచ్చెయ్యి అని రాసిపెట్టా. మొన్న సోమవారం పక్కన ఇంకోటి కొత్తగా పెట్టా. దాంతో నంబర్లన్నీ జరిగిపోయాయి."

అత్తగారి చేతులు ఆగాయి. "జరిగాక ఆ నంబరులో ఎవరి లైను ఉంది?"

"బోర్డుది."

"అంటే బోర్డు సొంత లైనే తీసి వాళ్లకిచ్చేశావు. ఇంకేం, అందరి నోళ్లూ పడిపోయి ఉంటాయి."

"నాలుగు గంటలు పడిపోయాయి."

"మా దగ్గరా ఒకసారి అయింది ఇలాంటిది," అని, అది ఇప్పుడు అనవసరమని తోచి మానుకుంది. "సరే, బాగుచేశావుగా. మరి దీనికి మూడు రోజులు ముఖం వేలాడేయడం ఎందుకు?"

సర్వరమ్మ నిచ్చెనాయన సంగతి చెప్పింది. తాను అందరి ముందూ పైకి చూసి అడిగిన మాట, ఆయన అన్న మాట, గేటు దగ్గర పాసు, నాలుగు మడతల కాగితం. దాచకుండా చెప్పింది. దుప్పటి ఇద్దరి మధ్యా వేలాడుతూ ఉండిపోయింది.

"ఆయన ఏం చేశాడు ఇందులో?"

"ఏం చెయ్యలేదు అత్తయ్యా."

"మీ ఆఫీసరుకి తెలీదా?"

"రిపోర్టులో రాశా. అన్నీ నిజాలే రాశా. ఆయనకి అర్థం కాలేదు."

అత్తగారు దుప్పటి తన వైపుకు లాక్కుని, ఒక్కతే మిగతా మడతలు పెట్టేసింది. "నేను కంప్యూటరు ముట్టి ఎరగను," అంది. "నాకు అర్థం కావడానికి ఒక దుప్పటి మడత పెట్టినంత సేపు పట్టింది. ఆయనకి అర్థం కావాలని నువ్వు రాయలేదమ్మాయ్."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదని సర్వరమ్మకు అనిపించింది. ఫైలు సంగతి చెప్పబోయి నోరు తెరిచింది. అత్తగారు తువ్వాళ్ల వైపు తిరిగింది. ఆమె కూడా ఒక తువ్వాలు తీసుకుని మడత పెట్టడం మొదలుపెట్టింది.

*

గురువారం పొద్దున ఆఫీసరు గదిలో ఆమె కూర్చోలేదు. తెల్ల కాగితం బల్ల మీద పెట్టింది. దాని మీద నాలుగే వాక్యాలు. కిందటి వారం నేను ఒక కార్డును దాని నంబరు చూసి స్కానింగుకు ఇచ్చాను. సోమవారం నేనే కొత్త కార్డు పెట్టినందువల్ల నంబర్లు మారాయి, దాంతో అందరికీ దారి చూపే కార్డే స్కానింగుకు పోయి అన్నీ ఆగిపోయాయి. ఇలా జరగకుండా నేను ముందే చూసుకోవాల్సింది, చూసుకోలేదు. తీగలు లాగే ఆయనకు దీనితో ఏ సంబంధమూ లేదు.

ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చదివాడు. ఈయన కూడా అలిసిన మనిషే. బల్ల మీద ఒక పక్క ఫిర్యాదులు, ఒక పక్క సంతకాలు కావలసినవి.

"సోమవారం ఇచ్చిన రిపోర్టులో ఉన్నదీ ఇదేనా?"

"ఇదే సార్."

"అది నాకు అర్థం కాలేదు," అన్నాడు. "అర్థం కానప్పుడు మిమ్మల్ని పిలిచి అడగాలి. అడిగితే నాకు తెలీదని తేలిపోతుందని ఊరుకున్నా. అర్థమైన ముక్క ఒక్కటే ఉంటే దాని కింద గీత గీశా. ఆ తప్పు నాది." కాగితాన్ని వేలితో తట్టాడు. "ఇదే కాగితం సోమవారం ఇచ్చుంటే ఏమయ్యేదో తెలుసా అమ్మా? ఏమీ అయ్యేది కాదు. కొత్త పని, పొరపాటు జరిగింది, సరిచేశారు అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. మీ ఫైలు కూడా వెళ్లేది."

ఆమె బల్ల మీది సంతకాల కట్టలో తన ఫైలు కోసం చూసింది.

"ఇప్పుడు ఇది పొరపాటు కాగితం కాదు. మూడు రోజులు దాచిన కాగితం. దీన్ని సర్జను ఫిర్యాదుతో పాటు పైకి పంపాలి. దీని వెనకాలే మీ ఫైలు పంపలేను."

"పంపకండి సార్," అంది. అప్పుడు కూర్చుంది. "ఆయన పాసు మాత్రం..."

ఆఫీసరు ఫోనెత్తి గేటుకు చెప్పాడు, తరవాత కాంట్రాక్టరుకు చెప్పాడు. ఇద్దరికీ ఒకే మాట, తీగ కాదని, తమదే పొరపాటని. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె లేచి వస్తుంటే, "ఈసారినుంచి ఇలాగే రాయండి," అన్నాడు. "చదివేవాడు బతికిపోతాడు."

*

శుక్రవారం తొమ్మిదిన్నరకు వసారాలో నిచ్చెన కదిలిన చప్పుడైంది. సర్వరమ్మ తలుపు తీసి పట్టుకుంది. ఆయన నిచ్చెన లోపలికి తెచ్చి, కప్పులో తెరిచి ఉన్న కన్నం కింద విప్పి, కాళ్లు నాలుగూ నేలకు ఆనాయో లేదో చేత్తో కదిపి చూశాడు.

"అన్నా, తీగ కాదు. నా తప్పు," అంది ఆమె.

"ఆఫీసరుగారు చెప్పారమ్మా."

"మీకు నేనే చెప్పాల్సింది."

ఆయన నడుముకు పనిముట్ల పట్టీ కట్టుకుంటున్నాడు. బకిలు బిగించుకున్నాడు. "ఎప్పుడు తెలిసిందమ్మా మీకు?" అన్నాడు తరవాత. నిలదీసినట్టు కాదు, రైలు ఎప్పుడొచ్చిందని అడిగినట్టు అడిగాడు.

"సోమవారం మధ్యాహ్నం. మీరు బయట కూర్చునున్నప్పుడు."

"అప్పటికే."

"అప్పటికే అన్నా."

ఆయన తలాడించాడు. జేబులోంచి టార్చి తీసి వెలుగుతోందో లేదో చూసుకున్నాడు. నిన్న రావాల్సిన కోపం, మొన్న రావాల్సిన కోపం ఇప్పుడైనా వస్తుందని ఆమె కాచుకుని నిలబడింది. తిట్టినా పడదామనే వచ్చింది. ఆయన నిచ్చెనెక్కాడు. తల, భుజాలు, నడుం కప్పులోకి పోయాయి. మోకాళ్లు మిగిలాయి.

"అమ్మా," అంది పైకప్పు. "ఇక్కడ నీలం తీగ ఒకటుంది. పక్కకి జరపనా?"

ఇరవై ఏళ్లుగా ఆ కప్పులో తీగలన్నీ ఆయన వేసినవే. ఏది ఎక్కడికి పోతుందో చెప్పమంటే ఆమెకే తెలియదు, ప్రతిసారీ ఆయన్నే అడుగుతుంది.

"జరపండి అన్నా," అంది.

కప్పులో ఏదో కదిలింది. కాస్త దుమ్ము రాలింది. చప్పుడు ఆగింది.

"బూడిద రంగుది. దీన్ని ముట్టుకోవచ్చా?"

"ముట్టుకోవచ్చు."

"దీపం వెలుగుతోందా? చూసి చెప్పండి."

ఆమె పెట్టె వెనక్కి వెళ్లి, వంగి చూసింది. ఆకుపచ్చగా వెలుగుతోంది.

"వెలుగుతోంది అన్నా."

"సరే. దీని పక్కనే ఇంకోటుంది," అన్నాడు ఆయన. "ఇది?"

ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉందేమోనని ఆమె చెవులు రిక్కించి వింది. లేదు. తన చేతిని తాను నమ్మలేని మనిషి అడుగుతున్నట్టే అడుగుతున్నాడు. బల్ల మీద ఫోను మోగింది, ఎత్తలేదు. నిచ్చెన పక్కన నిలబడి, ఒక్కో తీగకూ జవాబు చెబుతూ, పెట్టె వెనక్కి వెళ్లి దీపం చూసి వస్తూ ఉంది. అరగంట పనికి మధ్యాహ్నం దాకా పట్టింది.